ఇంజిన్ సపోర్ట్ బార్: కొన్నేళ్ల వాడకం తర్వాత

ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ కలిసి బాన్నెట్ కింద అడ్డంగా కూర్చుంటాయి. ఎక్కువ కార్లలో ఆ బరువును కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటిగా ఉండే రెండు మౌంటింగ్‌లు మోస్తాయి. కింద వెనకవైపు ఉండే మూడోది, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజిన్ ఊగిపోకుండా పట్టి ఉంచుతుంది. పై రెండింటిలో ఏ ఒక్కదాన్ని విప్పినా, క్లచ్ ప్లేటు కోసం గేర్‌బాక్స్ దించినా, ఆ బరువును పని ముగిసేదాకా మరొకటి మోయాలి. ఇంటి దగ్గరే మరమ్మతులు చేసుకునే నాకు కొన్నేళ్లుగా ఆ పని చేసిపెడుతున్నది ఇంజిన్ సపోర్ట్ బార్.

చూడటానికి ఇది సాదా వస్తువే. చదరపు ఇనుప గొట్టం, దాని రెండు చివర్లలో అటూ ఇటూ జరుపుకోగల కాళ్లు, వాటి అడుగున రబ్బరు పాదాలు, మధ్యలో మరలున్న కడ్డీలకు వేలాడే రెండు కొక్కేలు. బాన్నెట్ ఎత్తి, ఫెండర్ (ముందు చక్రం మీది బయటి రేకు) బోల్టులు వరసగా కనిపించే లోపలి గట్టి రేకు మీద కాళ్లు ఆనించి, ఇంజిన్‌ను ఎత్తడానికి తయారీలోనే బిగించిన ఇనుప రింగులకు గొలుసు తగిలించి, దాన్ని బార్ కొక్కేనికి వేసి, పైనున్న నట్టు తిప్పితే బరువు మెల్లగా మౌంటింగ్ మీద నుంచి బార్ మీదకు వస్తుంది. రెండు టన్నుల ట్రాలీ జాకీకి పెట్టే డబ్బుకు దాదాపు సమానంగానే పడింది.

ఇది లేనప్పుడు నేనూ అందరిలాగే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, అంటే ఆయిల్ చాంబర్ కింద చెక్క పలక పెట్టి జాకీ ఎత్తేవాడిని. ఒక్క మౌంటింగ్ మార్చడానికి ఆ పద్ధతి చాలు, ఇప్పటికీ చాలుతుంది. గేర్‌బాక్స్ దించాల్సి వచ్చినప్పుడే ఇబ్బంది మొదలవుతుంది, ఎందుకంటే మనం పడుకుని పనిచేయాల్సిన చోటే జాకీ నిలబడి ఉంటుంది. పైగా హైడ్రాలిక్ జాకీ గంటల తరబడి బరువు మోస్తే నెమ్మదిగా దిగుతుంది. రేకుతో చేసిన చాంబర్ లోపలికి నొక్కుకుపోతే, దాని అడుగుకూ ఆయిల్ పీల్చే జల్లెడకూ మధ్య ఉండే కొద్దిపాటి సందు మూసుకుపోయి పంపుకు ఆయిల్ సరిగా అందదు. అల్యూమినియం చాంబరైతే పగిలే ప్రమాదమూ ఉంది. బార్ వచ్చాక కారు కింద చోటంతా ఖాళీ అయింది.

బార్ మీద 300 కిలోలు మోస్తుందని రాసి ఉంది. నా కారులోది ఫియట్ రూపొందించిన, మారుతి, టాటా కార్లలోనూ వచ్చిన 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్; అది ఒక్కటే దాదాపు 130 కిలోలు, గేర్‌బాక్స్ కలిస్తే 200 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. కాబట్టి గొట్టం గురించి నాకెప్పుడూ దిగులు లేదు. చూసుకోవలసింది కాళ్లు ఆనే రేకును. ఇద్దరు భుజాన మోసే కర్రకు కట్టిన బరువు ఎవరి వైపు జరిగితే వారికే ఎక్కువ భారమైనట్టు, ఇక్కడా కొక్కెం ఏ కాలికి దగ్గరగా ఉంటే ఆ కాలి మీదే ఎక్కువ బరువు పడుతుంది. బార్ పొడవులో నాలుగో వంతు దగ్గర 120 కిలోలు వేలాడితే దగ్గరి కాలు 90 కిలోలు, దూరపు కాలు 30 కిలోలు మోస్తాయి. కుడి మౌంటింగ్ మార్చేటప్పుడు జరిగేది ఇంచుమించు ఇదే. అందుకని కాలును రెండు బోల్టుల మధ్య వంగే రేకు మీద కాకుండా బోల్టు పక్కనే, వీలైతే షాకబ్సార్బర్ పైభాగానికి దగ్గరగా పెడతాను. ఫెండర్ పై రేకు మీద మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు, అది చేత్తో గట్టిగా నొక్కినా సొట్టపడేంత పలచన.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ మర. కడ్డీ 12 మిల్లీమీటర్ల మామూలు మర కాబట్టి నట్టు ఒక పూర్తి చుట్టు తిరిగితే ఇంజిన్ 1.75 మిల్లీమీటర్లు లేస్తుంది, పావు చుట్టుకు అర మిల్లీమీటరు కూడా ఉండదు. కొత్త మౌంటింగ్ పెట్టేటప్పుడు ఒక చేత్తో బోల్టును రంధ్రంలో పట్టుకుని, మరో చేత్తో నట్టును కొంచెం కొంచెం తిప్పుతూ ఉంటే, ఒక చోట బోల్టు వేళ్లతోనే లోపలికి దిగిపోతుంది. ఇంజిన్ తన ఎత్తుకు వచ్చిందనడానికి అదే గుర్తు. జాకీతో ఈ పని చేస్తే, వదిలే మీట కాస్త ఎక్కువ తిరిగితే చాలు, ఇంజిన్ ఒక్కసారిగా కిందకు జారి మళ్లీ మొదటికొస్తుంది.

గేర్‌బాక్స్ దించేటప్పుడు రెండు కొక్కేలూ తప్పనిసరి. గేర్‌బాక్స్ విడిపోగానే ఇంజిన్ తూకం మారి ఒక పక్కకు ఒరుగుతుంది. ఆ ఒరుగుదల వల్ల మళ్లీ బిగించేటప్పుడు గేర్‌బాక్స్ షాఫ్ట్ క్లచ్ ప్లేటులోకి సూటిగా వెళ్లదు. అక్కడ రెండు నట్లను విడివిడిగా సరిచేసుకోవచ్చు. గేర్‌బాక్స్‌కు మాత్రం కింద మరో జాకీ కావాలి, దాని బరువు ఈ బార్ మీద వేయలేము.

ఇక లోపాలు. మొదట పాడైనవి రబ్బరు పాదాలు. ఎండకు, ఆయిల్ తడికి గట్టిపడి, పగుళ్లు వచ్చి, పెయింట్ మీద జారడం మొదలుపెట్టాయి. వాటి స్థానంలో పాత లారీ టైరు ముక్కలు కోసి బోల్టులతో బిగించాను, అవి అసలు వాటికంటే బాగా పట్టుకుంటున్నాయి. చేత్తో తిప్పే చెవుల నట్లు బరువు పడ్డాక అసలు కదలవు, వేళ్లు నొప్పెడతాయి; వాటిని తీసేసి మామూలు నట్టు, మందపాటి వాషరు వేసి, మరలకు గ్రీజు పూసి, 19 నంబరు స్పానర్‌తో తిప్పుతున్నాను. వానాకాలంలో గొలుసుకు తుప్పు పట్టింది. కొక్కెం మూతి మూసే స్ప్రింగ్ కూడా వదులైంది, అందుకే ఇప్పుడు దానికి ఇనుప తీగ చుట్టనిదే కారు కిందకు వెళ్లను. బార్ ఇంజిన్‌ను మాత్రమే మోస్తుంది. కారును మోయాల్సినవి స్టాండ్లే.

మరో అసౌకర్యం, బార్ ఉన్నంతసేపూ బాన్నెట్ మూయలేము. పని రెండో రోజుకు సాగితే షెడ్డు లేనివారు ఆరుబయట టార్పాలిన్ కట్టుకోవాల్సిందే.

కొన్ని బార్లకు ముందువైపు మూడో కాలు కూడా ఇస్తున్నారు. రేడియేటర్ పైనున్న పట్టీ ప్లాస్టిక్‌దైతే ఆ కాలు పనికిరాదు, ఇప్పటి కార్లలో చాలావాటికి అది ప్లాస్టిక్‌దే. బొలెరోలా ఇంజిన్ నిలువుగా ఉండే బండి ఉన్నవారికి ఈ బార్ నేను సిఫారసు చేయను, వారికి గేర్‌బాక్స్ కింద పెట్టే జాకీ ఎక్కువ ఉపయోగం. మిగిలినవారు కొనేముందు బాన్నెట్ ఎత్తి, రెండు వైపుల లోపలి రేకుల మధ్య దూరాన్ని, కాలు ఆనడానికి ఉన్న వెడల్పును టేపుతో కొలుచుకుని, ఆ అంకెలతో దుకాణానికి వెళ్లడం మంచిది.