జెరాక్సు షాపు వాడికి గ్రాంటు వస్తే

మా సాయంత్రం బడికి గ్రాంటు ఇచ్చిన సంస్థకు నా మార్కులు ముందే చెప్పేస్తా, ఐదుకి మూడున్నర. సంస్థ పేరు రాయడం లేదు, ఎందుకంటే వచ్చే ఏడాది మళ్ళీ వాళ్ళకే అప్లికేషన్ పెట్టాల్సింది నేనే.

తిరుపతి జీవకోనలో మేం నలుగురం కలిసి సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిది దాకా పిల్లలకు చదువు చెప్తాం. నలభై మంది దాకా వస్తారు. వాళ్ళ అమ్మల్లో చాలామంది లాడ్జీల్లో గదులు ఊడ్చడానికో, కొండ మీద అంగళ్ళలో పనికో పోతారు, దిగి వచ్చేసరికి చీకటి పడుతుంది, అంతసేపు పిల్లలు వీధిలో తిరక్కుండా ఒకచోట కూర్చుంటే చాలని మొదలుపెట్టాం, ఎక్కాలు, ఇంగ్లీషు చదవడం తర్వాత వచ్చి చేరాయి. నాకు జెరాక్సు షాపుంది, దాని మీద వచ్చేదాంట్లో కొంత, మిగతా ముగ్గురి జేబుల్లోంచి కొంత, ఇలాగే నడిచింది. పోయినేడాది ఒక కమ్యూనిటీ ఫౌండేషన్ గురించి తెలిసి అడిగాం. లక్షా ఇరవై వేలు, రెండు విడతలుగా ఇచ్చారు.

ఈ కమ్యూనిటీ ఫౌండేషన్ అంటే ఒక పెద్దాయనో ఒక కంపెనీయో పెట్టిన ట్రస్టు కాదు. ఊళ్ళోవాళ్ళు, బయట స్థిరపడినవాళ్ళు తలా కాస్త వేసిన డబ్బును ఒకచోట పోగేసి చుట్టుపక్కల చిన్న సంఘాలకు పంచుతారు. 1914లో అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్‌లో ఒక బ్యాంకాయన మొదలుపెట్టిన పద్ధతి, మన దగ్గర ఇంకా తక్కువే. నాకైతే మన వీధి వినాయకుడి చందా గుర్తొచ్చింది. కాకపోతే చందా ఇచ్చినవాడు లెక్క అడగడు, వీళ్ళు రూపాయి రూపాయికీ అడుగుతారు.

శ్రీసిటీలో, రేణిగుంటలో అన్ని ఫ్యాక్టరీలున్నాయి కదా, సీఎస్ఆర్, అంటే కంపెనీలు సమాజం పనులకు ఇచ్చే డబ్బు, అడగొచ్చు కదా అని ప్రతివాడూ చెప్తాడు. నిజమే, పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలని చట్టముంది. కానీ ఆ డబ్బు తీసుకోవాలంటే మనకు ఆదాయపు పన్ను వాళ్ళిచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు ఉండాలి, 2021 నుంచి సీఎస్ఆర్-1 అనే ఫారం నింపి ప్రభుత్వం దగ్గర నమోదు కూడా చేసుకోవాలి, మూడేళ్ళ పని చూపించాలి. అవన్నీ ఉన్నా లక్ష రూపాయల మనిషితో మాట్లాడే తీరిక అక్కడ ఎవరికుంటుంది చెప్పండి. ఫౌండేషన్ మంచితనం ఇక్కడే, లక్ష అడిగినా నవ్వరు.

అప్లికేషన్ దగ్గర మాత్రం చుక్కలు కనపడ్డాయి. మా సొసైటీ రిజిస్ట్రేషన్ కాగితంలో చిత్తూరు జిల్లా అని ఉంది, 2022 ఏప్రిల్ 4న తిరుపతి కొత్త జిల్లా అయింది కాబట్టి తర్వాత తీసుకున్న కాగితాలన్నీ తిరుపతి జిల్లా అంటున్నాయి. వాళ్ళ వెబ్‌సైట్ రెండూ కలవడం లేదని మూడుసార్లు వెనక్కి కొట్టింది. ఫోన్ చేస్తే ఆఫీసులో ఒకమ్మాయి, 'సార్, మీరు చిత్తూరు నుంచి తిరుపతికి షిఫ్ట్ అయ్యారా?' అంది. మేం ఎక్కడికీ పోలేదమ్మా, జిల్లానే మా మీదకి వచ్చింది అన్నా. చివరికి తెల్లకాగితం మీద వివరణ రాసి సంతకం పెట్టి పంపితే ఒప్పుకున్నారు. జెరాక్సు మిషను నాదే కాబట్టి సరిపోయింది, లేకుంటే ఆ కాపీలకే ఒక విడత పోయేది.

తనిఖీకి వచ్చినాయన గురించి మాత్రం మనస్ఫూర్తిగా మంచి మాట చెప్పాలి. బండి దిగి, చెప్పులు బయట వదిలి, నేరుగా చాప మీద పిల్లల మధ్య కూర్చున్నాడు. కుర్చీ వేస్తే వద్దన్నాడు. మూడో క్లాసు పిల్లోడొకడు తీసివేత లెక్కలో అప్పు తెచ్చుకోవడం మరిచిపోతుంటే, వాడి దగ్గరున్న బొరుగుల్ని పదేసి కుప్పలు పెట్టించి ఒక కుప్ప విడగొట్టి చూపించాడు, వాడికి అర్థమయ్యేసరికి సగం బొరుగులు అయిపోయాయి. ఫైలు ఆఖరి పది నిమిషాల్లో చూశాడు.

అరటిపళ్ళ సంగతీ ఆయనే తేల్చాడు. పిల్లలకు రోజూ బొరుగులో, ఉడకబెట్టిన శనగలో, అరటిపండో పెడతాం. హెడ్డాఫీసు జీఎస్టీ బిల్లు కావాలంది. బండి మీద పళ్ళమ్మే ఆమెకు జీఎస్టీ ఏంది సామీ? ఓచరు రాసి ఆమె సంతకం తీసుకుంటే చాలని ఆయన వాళ్ళను ఒప్పించాడు. తీరా ఓచరు పుస్తకం ముందు పెడితే ఆమె పెన్ను ముట్టుకోలేదు. 'ఇది ష్యూరిటీ సంతకం కాదు కదా నాయనా? పోయినసారి ఇట్లే ఒకరికి పెట్టి రెండేళ్ళు కట్టినా' అంది. చదివి వినిపించాక కూడా పక్క బండాయన్ని పిలిచి మళ్ళీ చదివించుకుంది. తప్పు పట్టలేం.

ఇంకొకటి చాలామందికి తెలీదు. మా వీధి అబ్బాయి అమెరికాలో ఉన్నాడు, మాకు నేరుగా పంపుతానన్నాడు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నంతవరకు తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అదే అక్కడి పౌరసత్వం తీసుకున్నాక పంపితే వస్తుంది, అప్పుడు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేని మాలాంటోళ్ళు ముట్టుకోకూడదు. పోనీ అనుమతి ఉన్న పెద్ద సంస్థ తీసుకుని మాకిస్తుందా అంటే, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఇంకో సంస్థకు బదిలీ చేయడానికి లేదు. అందుకే చిన్న సంఘాలకు ఈ ఊరి డబ్బే దిక్కు.

ఇక నా అసలు కంప్లైంటు. పుస్తకాలకు ఇస్తారు, బెంచీలకు ఇస్తారు, ఫ్లెక్సీకి కూడా ఇస్తారు, దానిమీద వాళ్ళ గుర్తు ఉండాలి కాబట్టి. అద్దెకు ఇవ్వరు. కరెంటు బిల్లుకు ఇవ్వరు. డిగ్రీ చదువుతూ రోజూ వచ్చి చెప్పే అమ్మాయికి నెలకు మూడు వేలు ఇద్దామంటే 'జీతాలు ప్రాజెక్టు ఖర్చు కాదు సార్' అంటారు. మరి బెంచీలు పాఠం చెప్తాయా? గది లేకుండా బెంచీలు రోడ్డు మీద వేయాలా? ఇదే మాట రిపోర్టులో ఆఖరి గడిలో రాశా, 'సూచనలు' అని ఉంటుంది, ఎవరైనా చదివారో లేదో.

మొదటి విడత దేనికి ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇచ్చిన నెలలోపు రెండో విడత వేస్తామన్నారు. సీఏ సంతకంతో నేను సమయానికే ఇచ్చా, వాళ్ళకు పదకొండు వారాలు పట్టింది. ఆలోపు స్టేషనరీ అంగట్లో అప్పు పెట్టి, ఆ వీధిలో పోవడం మానేసి చుట్టు తిరిగి పోయేవాణ్ణి.

మీకూ ఇలాంటి చిన్న సంఘం ఉంటే అడగండి, తప్పకుండా అడగండి, కానీ మొదటి రోజే రెండు ప్రశ్నలు వేయండి: అద్దె ఇస్తారా, రెండో విడత ఎప్పుడిస్తారు అని. నేను వేయలేదు.

రెండో విడత మొన్న మంగళవారం పడింది. అంగడి అప్పు తీర్చేశా. ఇంటి ఓనరుకు మాత్రం ఈ నెల అద్దె ఇంకా బాకీనే.