చర్చిల్ పేరున్న పబ్బులో ఓ సాయంత్రం

లండన్ కెన్సింగ్టన్ చర్చ్ స్ట్రీట్‌లో ఉన్న చర్చిల్ ఆర్మ్స్ బయటి గోడ మొత్తం పూలకుండీలే. 1750 నాటి ఈ పబ్బుకు ఆ పేరు వచ్చింది మాత్రం రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. లోపల తలెత్తితే కప్పు నుంచి వేలాడే రాగి పాత్రలు, గోడల మీద చర్చిల్ బొమ్మలు. ఒక్కో ఫొటో దగ్గరా ఆగి చూశాను. ఆ ముఖం చూస్తుంటే, ఆయన బ్రిటన్ ప్రధానిగా ఉన్న 1943 నాటి బెంగాల్ కరువు గుర్తొచ్చి మనసు బరువెక్కింది, ఆ మాట దాచలేను.

వెనక గదిలో థాయ్ వంట. తులసాకు వేసిన చికెన్ వేపుడు, పొగలు కక్కే అన్నం. ఆ పచ్చిమిర్చి ఘాటుకి ప్రాణం లేచొచ్చింది! తోడుగా ఒక పైంట్ లండన్ ప్రైడ్ బీరు. చరిత్ర ఇష్టమైతే సాయంత్రం ఐదులోపే వెళ్లండి, గోడలన్నీ తీరిగ్గా చూడొచ్చు.