లినక్స్ ఫోన్‌తో ప్రయోగాలకు ఏది మేలు: పైన్‌ఫోనా, పాత పోకోనా, ఉబుంటు టచ్చా?

లాప్‌టాప్ మీద లినక్స్ బాగా అలవాటైనవారికి ఆ స్వేచ్ఛ జేబులోని ఫోన్‌లో కూడా ఉంటే బాగుండునన్న కోరిక ఎప్పుడో ఒకప్పుడు పుడుతుంది. ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది కూడా లినక్స్ కెర్నెలే (హార్డ్‌వేర్‌ను నడిపించే మూల ప్రోగ్రామే) అయినా, దాని మీద కూర్చున్న వ్యవస్థ మన చేతికి చిక్కదు. కెర్నెల్‌ను తయారీదారు ఎలా మార్చాడో, వెనకాల ఏ ప్రోగ్రాములు నడుస్తున్నాయో, అప్‌డేట్లు ఆగిపోయాక ఆ ఫోన్ గతి ఏమిటో తేల్చుకునే అధికారం మనకు ఉండదు. అందుకే ఆల్పైన్, డెబియన్ వంటి అసలైన డిస్ట్రోను (కెర్నెల్‌తో పాటు ప్రోగ్రాములన్నీ కూర్చిన లినక్స్ వ్యవస్థను) ఫోన్‌లో నడిపించి, విప్పి చూసి, సరిచేసి నేర్చుకోవాలనుకునేవారికి నేడు మూడు దారులు ఉన్నాయి. అయితే శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉండి ఎంచుకోవలసి వచ్చినప్పుడు వాటి బలాబలాలు యూరప్‌లో ఉన్నవారికి కనిపించినట్టు కనిపించవు. విడిభాగం ఎక్కడ దొరుకుతుంది, ఏ సిమ్ పనిచేస్తుంది, చెడితే ఎవరు బాగుచేస్తారు అన్న ప్రశ్నలకు ఇక్కడ వచ్చే జవాబులే తూకాన్ని మార్చేస్తాయి.

మొదటి దారి, పుట్టుకతోనే లినక్స్ కోసం తయారైన ఫోన్‌ను కొనడం. ప్యూరిజం సంస్థ 2017లో ప్రజల నుంచి ముందస్తు సొమ్ము సేకరించి మొదలుపెట్టిన లిబ్రెమ్ 5 ఈ కోవలోనిదే గాని, దాని ధర అభిరుచి కోసం పెట్టదగిన ఖర్చును ఎప్పుడో దాటిపోయింది కనుక దాన్ని పక్కన పెడుతున్నాను. పైన్64 సంస్థ 150 డాలర్ల ధరకు తెచ్చిన పైన్‌ఫోన్ మాత్రం మనలాంటివారి కోసమే చేసినది. దాని తొలి విడత 2020 ఆరంభంలో కొన్నవారికి చేరింది. తరువాత వచ్చిన పైన్‌ఫోన్ ప్రో తయారీని 2025లో నిలిపివేస్తున్నట్టు ఆ సంస్థే ప్రకటించింది కాబట్టి ఇక్కడ చెప్పేదంతా తొలి నమూనా గురించే.

పైన్‌ఫోన్ వెనుక మూతను గోటితోనే తీయవచ్చు. లోపల ఆరు చిన్న స్విచ్‌లు ఒక వరుసలో ఉంటాయి: మోడెమ్ (సిమ్ నెట్‌వర్క్‌తో మాట్లాడే భాగం), వైఫై, మైకు, వెనుక కెమెరా, ముందు కెమెరా, హెడ్‌ఫోన్. సాఫ్ట్‌వేర్ ఏమి చెప్పినా వినకుండా ఆ భాగాన్ని నిజంగా ఆపివేసే స్విచ్‌లు ఇవి. వీటిలో ఆరవదాన్ని ఆఫ్ చేస్తే హెడ్‌ఫోన్ రంధ్రం సీరియల్ కన్సోల్‌గా, అంటే ఫోన్ తన సందేశాలను లాప్‌టాప్‌కు పంపే తీగ దారిగా, మారుతుంది. తగిన కేబులును అందులో పెట్టి, రెండో కొసను లాప్‌టాప్‌కు తగిలించి, వేగం 115200 అని ఇచ్చి ఫోన్‌ను ఆన్ చేస్తే, బూట్‌లోడర్ (కెర్నెల్‌ను లేపే తొలి ప్రోగ్రాము) పలికే తొలి మాట నుంచి కెర్నెల్ ఒక్కొక్క పరికరాన్ని గుర్తించే దాకా ప్రతి వరుసా తెర మీద జారుతూ కనిపిస్తుంది. లోగో దగ్గర ఆగిపోయిన మామూలు ఫోన్ ఏమీ చెప్పదు. ఇది ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో చెబుతుంది. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి కిటికీ ఏ ఫోన్‌లోనూ నాకు కనబడలేదు.

దీనికి తోడు, ఇందులోని ఆల్‌విన్నర్ ఏ64 చిప్ లోపలి నిల్వకంటే ముందు ఎస్‌డీ కార్డును వెతుకుతుంది. అందువల్ల లోపలి వ్యవస్థను ఎంత చెడగొట్టినా, వేరే డిస్ట్రో రాసిన కార్డును దూర్చి ఫోన్‌ను లేపవచ్చు. పొరపాటు చేయడానికి భయం ఉండదు. మోడెమ్ కూడా తనలో ఒక చిన్న లినక్స్‌ను నడిపించే కంప్యూటరే. దాని కోసం ఔత్సాహికులు రాసిన స్వేచ్ఛా ఫర్మ్‌వేర్ (పరికరంలోనే ఉండి దాన్ని నడిపే ప్రోగ్రాము) ఉంది. ఫోన్‌ను గాఢనిద్రలోకి పంపే పని ప్రధాన ప్రాసెసర్ పక్కనే ఉన్న ఒక చిన్న ఓపెన్‌రిస్క్ కోర్ మీద నడిచే క్రస్ట్ అనే ఫర్మ్‌వేర్ చూసుకుంటుంది. ఇంత లోతుకు దిగి, ఇన్ని పొరల మూలాన్ని చదవగలిగే ఫోన్లు ఎక్కువ లేవు.

లోపం వేగంలో ఉంది. 40 నానోమీటర్ల పద్ధతిలో చేసిన నాలుగు కార్టెక్స్ ఏ53 కోర్లు, ప్రాథమిక నమూనాలో 2 జీబీ ర్యామ్ ఉన్న ఈ ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి ఒక వార్తాపత్రిక పేజీ చూడాలన్నా ఓపిక కావాలి. నిద్ర సరిగా కుదరకపోతే 3000 ఎంఏహెచ్ బ్యాటరీ కొన్ని గంటల్లోనే అడుగంటుతుంది. పైగా ఇది విదేశం నుంచి రావాలి; కస్టమ్స్ సుంకం కలిపాక 150 డాలర్లు అన్న మాటకు అర్థం మిగలదు. తెర పగిలితే మన ఊళ్లో దొరకదు, మళ్లీ అక్కడి నుంచే తెప్పించుకోవాలి. ఒక్క బ్యాటరీ విషయంలో మాత్రం అదృష్టం కలిసివచ్చింది: అది శామ్‌సంగ్ గెలాక్సీ జే7 బ్యాటరీ ఆకారంలోనిదే. ఆ జే7 మన దేశంలో విరివిగా అమ్ముడైన ఫోన్ కనుక దాని బ్యాటరీ కోసం చిన్న ఊళ్ల దుకాణాల్లో అడిగినా ఫలితం ఉంటుంది.

రెండవ దారి, సెకండ్‌హ్యాండ్ ఆండ్రాయిడ్ ఫోన్‌లో పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ వేసుకోవడం. 2017లో మొదలైన ఈ ప్రాజెక్టు ఆల్పైన్ లినక్స్ మీద నిర్మించబడింది. ఒక ఫోన్ పదేళ్లు పనికిరావాలన్నది దాని సంకల్పం. ఇది వందలాది ఫోన్లలో ఏదో ఒక మేరకు లేస్తుంది గాని, లేవడం వేరు, పనికిరావడం వేరు. స్నాప్‌డ్రాగన్ 845 చిప్ ఉన్న 2018 నాటి ఫోన్లు, ముఖ్యంగా వన్‌ప్లస్ 6, పోకో ఎఫ్1, ఈ రెండో తరగతిలోకి వస్తాయి. వీటికి తయారీదారు ఇచ్చిన పాత కెర్నెల్ అవసరం లేదు; లినస్ టోర్వాల్డ్స్ విడుదల చేసే ప్రధాన కెర్నెల్‌కు దగ్గరగా ఉండే కెర్నెలే నడుస్తుంది, అడ్రినో గ్రాఫిక్స్‌కు ఫ్రీడ్రీనో అనే స్వేచ్ఛా డ్రైవర్ ఉంది. పైన్‌ఫోన్ తరువాత దీన్ని చేతిలోకి తీసుకుంటే, అదే ఫాష్ ఇంటర్‌ఫేస్ (లినక్స్ ఫోన్లలో తెర మీద కనిపించే ముఖం) ఇంత చురుగ్గా కదలగలదా అని ఆశ్చర్యం కలుగుతుంది.

పోకో ఎఫ్1 మన దేశంలో 2018 ఆగస్టులో 20,999 రూపాయల ప్రారంభ ధరతో వచ్చి బాగా అమ్ముడైంది. కాబట్టి పాత ఫోన్లు అమ్మే దుకాణాల్లో, లేదా బంధువుల ఇళ్లలో బీరువా అరల్లో, ఇప్పటికీ కనిపిస్తుంది. శ్రీకాకుళంలో దొరకకపోతే విశాఖపట్నం వెళ్లి వెతకవచ్చు. కొనేముందు చూడవలసినది తెర. ఈ నమూనాను రెండు వేర్వేరు ప్యానెళ్లతో తయారు చేశారు: తియాన్మా ఒకటి, ఈబీబీజీ మరొకటి. పోస్ట్‌మార్కెట్‌ఓఎస్‌లో రెండింటికీ వేర్వేరు ఇమేజ్‌లు (ఫోన్‌లోకి ఎక్కించే వ్యవస్థ ఫైళ్లు) ఉంటాయి; ఒకదానికి బదులు మరొకటి వేస్తే తెర పనిచేయదు. ఆండ్రాయిడ్ ఉండగానే కెర్నెల్ కమాండ్ లైన్‌లో ప్యానెల్ పేరు చూసి రాసుకోవాలి. ఒకసారి కాంబో (తెర, టచ్ కలిసిన భాగం) మార్పించిన ఫోన్ అయితే మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే దుకాణాల్లో వేసే కాపీ డిస్‌ప్లే ఈ రెండింటిలో దేనితోనూ సరిపోలకపోవచ్చు. ఆండ్రాయిడ్‌లో చక్కగా వెలిగే తెర ప్రధాన కెర్నెల్ కింద నల్లగానే ఉండిపోవచ్చు. తెర ఎప్పుడైనా మార్చారా అని అమ్మేవారిని నేరుగా అడగడం, బ్యాటరీ ఉబ్బి వెనుక మూత లేచిందేమో అంచు వెంబడి వేలు పెట్టి చూడడం, ఈ రెండూ తప్పనిసరి.

బూట్‌లోడర్ తాళం తీయడంలో వన్‌ప్లస్ 6 సులువు: డెవలపర్ ఆప్షన్లలో అనుమతి ఇచ్చి ఫాస్ట్‌బూట్‌లో (కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆజ్ఞలు అందే స్థితిలో) ఒక్క ఆజ్ఞ ఇస్తే చాలు. పోకోకు షావోమీ ఖాతా, విండోస్ మీద నడిచే ప్రత్యేక సాధనం, మామూలుగా వారం రోజుల నిరీక్షణ కావాలి. రెండింటిలోనూ లోపలి సమాచారమంతా చెరిగిపోతుంది. ఆ తరువాత పని హాయిగా సాగుతుంది. పీఎమ్‌బూట్‌స్ట్రాప్ అనే సాధనం ఫోన్ పేరు, కావలసిన ఇంటర్‌ఫేస్ అడిగి, మన లాప్‌టాప్ మీదే ఇమేజ్ కట్టి, ఫాస్ట్‌బూట్ ద్వారా ఫోన్‌లోకి ఎక్కిస్తుంది. ఫోన్ లేచాక యూఎస్‌బీ కేబుల్ తగిలిస్తే అది ఒక నెట్‌వర్క్ పరికరంలా కనిపిస్తుంది, 172.16.42.1 అనే చిరునామాకు ఎస్‌ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్ నుంచి ఆజ్ఞలిచ్చే పద్ధతి) చేస్తే ఫోన్ లోపల మనం ఉంటాం. అక్కడి నుంచి ఆల్పైన్‌వారి ఏపీకే ఆజ్ఞతో (ఆండ్రాయిడ్ ఏపీకే ఫైలు కాదు) ప్యాకేజీలు వేసుకోవచ్చు, కెర్నెల్ సందేశాలు చదవవచ్చు, చిన్న వెబ్ సర్వర్ నడపవచ్చు.

లోపాలు దీనికీ ఉన్నాయి. కెమెరా మీద ఆశ పెట్టుకోకూడదు. పైన్‌ఫోన్‌లో ఉన్నటువంటి ఎస్‌డీ కార్డు అభయం ఇక్కడ లేదు. బూట్‌లోడర్ ఉన్న విభాగాన్ని చెరిపితే కోలుకోవడం చాలా కష్టం, కనుక ఏ విభాగంలో ఏమి రాస్తున్నామో ప్రతిసారీ చూసుకోవాలి. మోడెమ్ ఫర్మ్‌వేర్ మూసిన పెట్టెగానే ఉంటుంది.

మూడవ దారి ఉబుంటు టచ్. కెనానికల్ సంస్థ 2013లో ప్రకటించి, 2017లో విరమించుకున్న ఈ వ్యవస్థను యూబీపోర్ట్స్ సమాజం అప్పటి నుంచి నిలబెట్టుకుంటూ వస్తోంది, ఆ పట్టుదలకు నాకు గౌరవం ఉంది. చాలా ఫోన్లలో ఇది హేలియం అనే పొర సాయంతో ఆండ్రాయిడ్ డ్రైవర్లనే వాడుకుంటుంది కాబట్టి కెమెరా, శబ్దం వంటివి తొలిరోజు నుంచే పనిచేసే అవకాశం ఎక్కువ. రోజూ వాడుకునే ఫోన్ కావాలనేవారికి ఈ మూడింటిలో ఇదే దగ్గర. కాని ఆ డ్రైవర్లతో పాటు ఆండ్రాయిడ్ నాటి కెర్నెల్ కూడా వెంట వస్తుంది. స్నాప్‌డ్రాగన్ 845 ఫోన్లకు అది 4.9 శ్రేణి, ఆ శ్రేణికి కెర్నెల్ సంఘం మద్దతు 2023 జనవరిలోనే ముగిసింది. మూల వ్యవస్థ చదవడానికి మాత్రమే తెరిచి ఉంటుంది, దాన్ని మార్చడానికి దిగితే అప్‌డేట్లతో పేచీ వస్తుంది. విప్పి చూడాలన్న మన ప్రయోజనానికి ఇది అనువైనది కాదని నా అభిప్రాయం.

ఏ దారి ఎంచుకున్నా సిమ్ ప్రశ్న ఎదురవుతుంది. జియోకు 2జీ, 3జీ లేవు. దాని కాల్స్ మామూలుగా వీవోఎల్‌టీఈ (4జీ మీదే మాటను పంపే పద్ధతి) మీద వెళ్తాయి. లినక్స్ ఫోన్లలో వీవోఎల్‌టీఈ ఇంకా అరకొరగానే ఉన్నందున జియో సిమ్‌తో ఇంటర్నెట్ వచ్చినా కాల్ కలవకపోవచ్చు. 2జీ ఇంకా నడుపుతున్న ఎయిర్‌టెల్ వంటి సిమ్ వేస్తే కాల్ సమయంలో ఫోన్ 2జీకి దిగి మాట్లాడనిస్తుంది. యూపీఐ యాప్‌లు సిమ్‌నూ ఫోన్‌నూ ముడిపెట్టి చూస్తాయి. లినక్స్ లోపలే ఆండ్రాయిడ్‌ను నడిపించే వేడ్రాయిడ్‌ను వాడినా ఆ యాప్‌ల మీద ఆధారపడకూడదు. కిరాణా కొట్టు నుంచి ఆటో దాకా స్కాన్ చేసి చెల్లించే అలవాటు పడిన మనకు పక్కన మామూలు ఫోన్ ఒకటి ఉండవలసిందే.

సొంత డబ్బుతో ఒంటరిగా మొదలుపెట్టేవారు, వన్‌ప్లస్ 6 మంచి స్థితిలో దొరికితే అదీ, లేకపోతే తెర మార్చని పోకో ఎఫ్1 కొని పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ వేసుకోవడమే మేలని నేను నిశ్చయంగా చెబుతాను. తెలుగు అక్షరాలు సరిగా కనబడాలంటే నోటో తెలుగు ఫాంటు ప్యాకేజీ వేస్తే చాలు. ఫాష్‌తో చాలాకాలంగా వస్తున్న స్క్వీక్‌బోర్డ్ కీబోర్డులో లేఅవుట్ అన్నది మామూలు వైఏఎమ్‌ఎల్ ఫైలే (చదివి మార్చగల టెక్స్ట్ ఫైలే) కాబట్టి, తెలుగు అమరికను ఎవరికి వారే రాసి పరీక్షించుకోవచ్చు. తొలి ప్రాజెక్టుగా దీన్నే చేపట్టమంటాను, ఎందుకంటే ఫలితం వేలి కింద వెంటనే కనిపిస్తుంది.

కళాశాలలో నలుగురైదుగురు కలిసి చేసే పని అయితే లెక్క మారుతుంది. ఎచ్చెర్లలోని ట్రిపుల్ ఐటీ విద్యార్థులో, విజయనగరం జేఎన్‌టీయూ విద్యార్థులో తలా కొంత వేసుకుని ఒక్క పైన్‌ఫోన్ తెప్పించుకుంటే సుంకం భారం పంచుకున్నట్టవుతుంది, వేగం లేకపోవడం ప్రయోగశాలలో పెద్ద లోటు కాదు. ఎస్‌డీ కార్డులు ఎవరివి వారికి ఉంటే ఒకరి ప్రయోగం మరొకరిది చెడగొట్టదు. సీరియల్ కేబులు ఒకటి చాలు, అయితే అది 3.3 వోల్టులదా కాదా అన్నది తగిలించేముందే చూసుకోవాలి.