ఫ్రీలాన్సర్‌కు ఏది మేలు: 80డి ఉన్న పాత పన్ను విధానమా, లేని కొత్తదా?

మార్చి దగ్గరపడితే చాలు, సొంతంగా పని చేసుకునేవాళ్లంతా ఇదే అడుగుతారు: "ఇంటిల్లిపాదికీ హెల్త్ పాలసీ ఉంది కదా, 80డి (హెల్త్ ప్రీమియానికి దొరికే పన్ను మినహాయింపు) కోసం పాత విధానంలోకి వెళ్లమంటారా?" వెళ్లొద్దనే నేనంటాను.

మీరు ఇంజినీరింగ్ కన్సల్టెంటు అనుకుందాం. ఏడాదికి 20 లక్షల ఫీజులొచ్చాయి, 44ఏడీఏ (ఖర్చుల లెక్క లేకుండా ఫీజుల్లో సగాన్నే ఆదాయంగా చూపనిచ్చే సెక్షన్) కింద అందులో సగం, 10 లక్షలు, ఆదాయంగా చూపారు. 2025-26కి పాత విధానంలో మీ కుటుంబం ప్రీమియానికి 25 వేలు, అరవై దాటిన అమ్మానాన్నల ప్రీమియానికి 50 వేలు, 80సి (పీపీఎఫ్, జీవిత బీమా లాంటి పొదుపుల మినహాయింపు) కింద లక్షన్నర తీసేసినా సెస్సుతో కలిపి 70,200 రూపాయలు కట్టాలి. కొత్త విధానంలో? సున్నా. 12 లక్షల ఆదాయం దాకా రిబేటు, అంటే పన్ను మాఫీ, ఉంది మరి. షేర్ల లాభాల్లాంటి వాటికి అది వర్తించదు, అది వేరే సంగతి.

ఆదాయం 20 లక్షలైతే పాత విధానం గెలవడానికి మినహాయింపులు 7 లక్షలు దాటాలి. 80డి ఇచ్చే ముప్పావు లక్షకు 80సి, సొంతింటి రుణం వడ్డీ 2 లక్షలు, ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) 50 వేలు కలిపినా ఐదు లక్షలు కావు. భారీ విద్యారుణం వడ్డీ కడుతున్నవాళ్లు మాత్రం ఓసారి లెక్క వేసుకోవాలి.

అసలు మెలిక 10-ఐఈఏ ఫారంలో ఉంది. ఉద్యోగి ఏటా అటూ ఇటూ మారొచ్చు. వృత్తి ఆదాయం ఉన్నవాళ్లు రిటర్ను గడువులోగా ఈ ఫారం వేసి పాత విధానంలోకి వెళ్తే, కొత్తదానికి తిరిగి రావడం ఒక్కసారే. ఆ తర్వాత వృత్తి ఆదాయం ఉన్నన్నాళ్లూ పాతదాని ఊసెత్తకూడదు. ఒక ఏడాది ప్రీమియం రసీదు చూసి ఆ అవకాశం ఖర్చు చేసుకుంటారా?

ఇప్పటికే పాతదాంట్లో ఉన్నవాళ్లు ప్రీమియం నగదుగా కట్టొద్దు, 80డి రాదు. నాన్నగారు తన పింఛను ఖాతాలోంచి కట్టుకుంటే అది మీ మినహాయింపు కాదు. మూడేళ్లకు ఒకేసారి కడితే ఏటా మూడో వంతే చూపాలి.

పాలసీ మాత్రం మానకండి. కంపెనీ కవరు లేని మనకు ఆసుపత్రి బిల్లులో ఆదుకునేది అదే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా పోయింది. ఏ పన్ను విధానంలో ఉన్నా ఆ ఊరట దక్కుతుంది.

ప్రీమియాన్ని వృత్తి ఖర్చుగా రాసుకోవచ్చా అంటారా? మీ పాలసీ మీ సొంత ఖర్చే. పైగా 44ఏడీఏలో ఖర్చుల పేరుతో సగం ముందే వదిలేశారు కదా.