జ్ఞాన్ పోస్ట్: పిన్‌కోడ్ అడగకుండానే తపాలా ఖర్చు చెప్పగలగడం

పాత తెలుగు పుస్తకాలను ఫోన్ ద్వారా అమ్ముకునే నాలాంటివారికి పుస్తకాలను తక్కువ ఖర్చుతో పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబరులో తపాలా శాఖ ఎత్తివేయడం పెద్ద దెబ్బ. పుస్తకాలు పంపడానికి ఆ శాఖే 2025 మే 1న తెచ్చిన జ్ఞాన్ పోస్ట్ సేవను తొలి నెలల నుంచీ వాడుతున్నాను. పన్ను కాక 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలన్న సంగతి చాలామందికి తెలుసు. నన్ను నిజంగా సంతోషపెట్టింది మాత్రం ఆ రుసుము బరువును బట్టే తప్ప దూరాన్ని బట్టి మారకపోవడం.

ముఖపరిచయం లేని నాకు కొనేవారు ముందుగానే డబ్బు పంపాలి. పుస్తకం ధర విషయంలో వారికి పెద్దగా అనుమానం ఉండదు, ఎందుకంటే పాత ప్రతి ఎంత చేస్తుందో చదివేవారికి ఒక అంచనా ఉంటుంది. అనుమానమంతా తపాలా ఖర్చు మీదే. అది నేను చెప్పిన అంకె మాత్రమే కాబట్టి, అందులో నేనేమైనా మిగుల్చుకుంటున్నానా అని అడగడం వారి హక్కు.

అంతకుముందు బుక్ పోస్టు లేని నెలల్లో ఒక ప్రైవేటు కొరియర్‌ను వాడాను. శ్రీకాకుళం జిల్లాలోని ఒక పల్లెలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుడొకరు మూడు సంపుటాల పాత నిఘంటువు కావాలన్నారు. కొరియర్ వారు చెప్పిన మొత్తమే ఆయనకు చెప్పి డబ్బు తీసుకున్నాను. పార్సిల్ ఇచ్చాక, ఆ ఊరు తమ బట్వాడా పరిధిలో లేదని, అదనంగా చెల్లించాలని, లేదంటే గ్రహీతే పట్నానికి వచ్చి తీసుకోవాలని కొరియర్ వారు చెప్పారు. ఆ మాట చేరవేస్తే ఆయన చాలా మర్యాదగా, "అమ్మా, పుస్తకాల ధరలో సగం దారి ఖర్చే అవుతోంది, మొదట చెప్పింది వేరు కదా" అన్నారు. ఆ అదనపు సొమ్ము నేనే భరించాను, పుస్తకాలు చేరాయి. అయినా చాలాకాలం ఆయన నన్ను మరేమీ అడగలేదు.

జ్ఞాన్ పోస్ట్ వచ్చాక ఆయనకు రుసుముల పట్టిక ఫొటో పంపాను. మరో పుస్తకం అడిగినప్పుడు అట్టపెట్టెతో సహా కిలో దాటుతుందనుకుని పై శ్లాబు రుసుము తీసుకున్నాను. తపాలా కౌంటరులో తూచితే కిలోలోపే ఉంది. రశీదు ఫొటోతో పాటు మిగిలిన కొద్ది రూపాయలు కూడా వెనక్కి పంపాను. సాయంత్రం మాస్టారు ఫోన్ చేసి, ఆ డబ్బు గురించి ఒక్క మాటా అనకుండా, తమ స్నేహితుడి కోసం ఇంకో జాబితా చదివి రాసుకోమన్నారు. ఇప్పుడు పార్సిల్ ఎక్కడుందో ట్రాకింగ్ నంబరుతో ఆయనే చూసుకుంటున్నారు, నన్ను అడగవలసిన అవసరం రావడం లేదు.

అయితే ఇది రోడ్డు, రైలు మార్గాల్లో వెళ్లే సేవ కనుక, ఆలస్యాన్ని భరించగలిగిన పాఠకులకే సరిపోతుంది. వాణిజ్య ప్రకటనలున్న ప్రచురణలు, పత్రికలు ఇందులో పంపడానికి వీల్లేదు. పుస్తకంపై ముద్రాపకుడి పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి కనుక, ముందు పేజీలు చిరిగిపోయిన పాత ప్రతులకు ఈ దారి కష్టం. నా దగ్గర అలాంటివి తక్కువేమీ కాదు. దొరకడం అరుదైన ప్రతిని ఇప్పటికీ స్పీడ్ పోస్టులోనే, 2025 అక్టోబరు నుంచి వచ్చిన ఓటీపీ బట్వాడా సదుపాయంతో పంపుతున్నాను. దానికి అదనపు రుసుము 5 రూపాయలు, పన్ను వేరు. కానీ అక్కడ మళ్లీ దూరాన్ని బట్టి రుసుము మారుతుంది, మళ్లీ పిన్‌కోడ్ అడగాలి.

నా ఇల్లు తపాలా కార్యాలయానికి దగ్గర, అమ్మేది పుస్తకాలే, ఇల్లు గడిచేది ఈ ఆదాయం మీద కాదు. ఈ మూడూ కలిసి రావడం వల్లనే నాకిది ఇంతగా నచ్చి ఉండవచ్చు. చీరలో పచ్చళ్లో అమ్మేవారికి ఇది ఎలాగూ వర్తించదు. పుస్తకాలమ్మేవారిలో కూడా, పరీక్షల ముందు పాఠ్యపుస్తకం కోసం తొందరపడేవారికి నేను స్పీడ్ పోస్టే చెబుతున్నాను.