జాగ్రత్త: 'ఐ7 గేమింగ్ ల్యాప్‌టాప్' అంటూ పాత సరుకు అంటగడుతున్నారు, పూర్తి నంబర్ చూడకుండా డబ్బు కట్టకండి

ఫుట్‌బాల్ మేనేజర్, క్రికెట్ కెప్టెన్ లాంటి, మనమే జట్టును నడిపే మేనేజ్‌మెంట్ ఆటల కోసం తక్కువలో ల్యాప్‌టాప్ వెతుకుతున్నవాళ్లు, ముఖ్యంగా ఆన్‌లైన్‌లో రిఫర్బిష్డ్‌వి (వాడినవి బాగుచేసి మళ్లీ అమ్మేవి) చూస్తున్నవాళ్లు, కొనేముందు ఇది చదవండి. 'కోర్ ఐ7, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 11, గేమింగ్‌కి బెస్ట్' అని లిస్టింగ్ పెడతారు. చివరి ముక్క తప్ప మిగతాదంతా నిజమే అయినా మీరు నిండా మునగొచ్చు. నన్ను ముంచింది ఇలాంటి లిస్టింగే.

ఐ7లో ఏ జనరేషన్ (ఎన్నో తరం ప్రాసెసర్) అని సెల్లర్‌ని చాట్‌లో అడిగాను. 'టెన్త్ జెన్ సార్, ఏ గేమైనా దూసుకుపోతుంది' అని తడుముకోకుండా చెప్పాడు. పెట్టె విప్పితే పైకి అంతా నీటుగానే ఉంది. ఐ7 స్టిక్కర్ అయితే నిన్ననే అతికించినట్టు మెరిసిపోతోంది. కీబోర్డ్ మీద మాత్రం ఎడమవైపు కీలు అరిగి నున్నగా తయారయ్యాయి, రెండు అక్షరాలైతే కనపడటమే లేదు. సెట్టింగ్స్ తెరిచి చూస్తే ఐ7-7500యూ. 2016లో వచ్చిన ప్రాసెసర్ అది, ఏడో జనరేషన్. కోర్లు (లెక్కలు చేసే భాగాలు) రెండే, థ్రెడ్‌లు (ఒకేసారి నడిపించగల పనులు) నాలుగు.

పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఇదే. 2017లో ఎనిమిదో జనరేషన్ వచ్చినప్పుడు ల్యాప్‌టాప్‌లలో వాడే ఐ5-8250యూకే ఇంటెల్ 4 కోర్లు, 8 థ్రెడ్‌లు ఇచ్చింది. అంటే ఏడాది తర్వాత వచ్చిన ఐ5 ముందు ఈ ఐ7 బలాదూర్. ఇంకో సంగతి, విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకునే ఇంటెల్ ప్రాసెసర్ల జాబితా దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచే మొదలవుతుంది, ఏడోదాంట్లో ఒకటీ అరా తప్ప ఏవీ లేవు. ఆ జాబితాలో 7500యూ లేదు. అంటే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వచ్చే తనిఖీని దాటవేసి విండోస్ 11ని బలవంతంగా ఎక్కించారు. అలాంటి మెషిన్లకు అప్‌డేట్లు వస్తాయన్న గ్యారంటీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. పోనీ విండోస్ 10కి తిరిగి వెళ్దామా అంటే దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది.

ఇక ఆట సంగతి. ఫుట్‌బాల్ మేనేజర్‌లో కొత్త కెరీర్ మొదలుపెట్టేటప్పుడు ఏయే దేశాల లీగ్‌లు కావాలో ఎంచుకుంటాం కదా, మన మెషిన్ మీద ఆట ఎంత వేగంగా నడుస్తుందో అక్కడే స్టార్లలో చూపిస్తుంది. మూడు నాలుగు దేశాలు టిక్ పెట్టేసరికే స్టార్లు రాలిపోయాయి. సరేలే అని మొదలుపెట్టాను. మామూలు రోజుల్లో పర్వాలేదు. ఆటలో శనివారం వచ్చిందా, ఇక అంతే. మన మ్యాచ్ ఒక్కటే కాదు, ఎంచుకున్న లీగ్‌లన్నిటిలో మ్యాచ్‌లు ఒకేసారి నడవాలి. ప్రాసెసింగ్ గీత సగానికి వచ్చి ఆగిపోతుంది. ఫ్యాన్ మిక్సీలా మోత. కీబోర్డ్ పైభాగం చెయ్యి పెట్టలేనంత వేడి. కాసేపటికి గీత కదులుతుంది, ఒక్క రోజు ముందుకెళుతుంది, మళ్లీ ఆగుతుంది. ట్రాన్స్‌ఫర్ విండో (ఆటగాళ్లను కొని అమ్మే గడువు) ఆఖరి రోజున అయితే చెప్పక్కర్లేదు, టెన్షన్ ఆటలో ఉండాల్సింది పోయి ఆట నడుస్తుందా లేదా అన్నదాంట్లో ఉంటుంది.

మొదటి పది నిమిషాలు బాగానే నడిచి తర్వాత నీరసపడటానికీ కారణం ఉంది. ఇది 15 వాట్ల ప్రాసెసర్. చల్లగా ఉన్నంతసేపు టర్బో (అత్యధిక) వేగంతో పరుగెత్తి, వేడెక్కగానే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. లోపల దుమ్ము పేరుకుని, ప్రాసెసర్ వేడిని బయటికి పంపే థర్మల్ పేస్ట్ ఎండిపోయిన పాత మెషిన్లలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. సెల్లర్లు పంపే డెమో వీడియో రెండు నిమిషాలే ఎందుకుంటుందో ఇప్పుడు అర్థమైంది కదా.

కంప్లైంట్ చేస్తే సెల్లర్ ఏమన్నాడో చూడండి. 'ఐ7 అన్నాం, ఐ7 ఇచ్చాం. గేమ్ హెవీ అయితే మేమేం చేస్తాం? మెషిన్‌లో డిఫెక్ట్ లేదు.' మరి టెన్త్ జెన్ అన్నావు కదా అంటే, లిస్టింగ్‌లో అలా రాయలేదు కాబట్టి చాట్‌లో చెప్పింది లెక్కలోకి రాదట! ఆ చాట్ స్క్రీన్‌షాట్లు దాచుకున్నాను కాబట్టి ప్లాట్‌ఫామ్ వాళ్ల దగ్గర నా మాట నిలబడింది, నాన్చి నాన్చి చివరికి డబ్బు వెనక్కి ఇచ్చారు. అవి లేకపోతే ఆ సెల్లర్ చేతులెత్తేసేవాడే.

'గేమింగ్' అనగానే అందరూ గ్రాఫిక్స్ కార్డ్ గురించి మాట్లాడతారు, సెల్లర్లు కూడా '2 జీబీ గ్రాఫిక్స్ ఉంది సార్' అని అక్కడే ఊదరగొడతారు. మేనేజ్‌మెంట్ ఆటల లెక్క వేరు. మిగతా జట్ల మ్యాచ్‌లు, ట్రైనింగ్, గాయాలు, స్కౌట్ రిపోర్టులు, కొనుగోళ్లు, ఇవన్నీ ప్రాసెసర్ కూర్చుని వేసే లెక్కలే. పదేళ్ల కిందటి చిన్న గ్రాఫిక్స్ చిప్ ఉన్నా లేకపోయినా శనివారం సాయంత్రం తేడా ఏమీ కనిపించదు. ఎఫ్1 మేనేజర్ లాంటివి మాత్రం మినహాయింపు, రేసంతా త్రీడీలోనే చూపిస్తాయి కాబట్టి వాటికి గ్రాఫిక్స్ గట్టిగానే కావాలి. ఫుట్‌బాల్ మేనేజర్ కూడా 2025 ఎడిషన్ రద్దయ్యాక వచ్చిన 26లో యూనిటీ అనే వేరే ఇంజిన్‌కి (ఆటను నడిపే సాఫ్ట్‌వేర్‌కి) మారింది. కాబట్టి పాత ఎడిషన్ నడిచిన మెషిన్ మీద ఇదీ నడుస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి, మీరు ఆడబోయే ఎడిషన్‌కి ఏం కావాలో అదే చూడండి.

కొత్తవి కొంటే ఈ గొడవ ఉండదనుకోకండి. ఏఎమ్‌డీ 7000 సిరీస్‌లో రైజెన్ 5 7520యూ, 7530యూ, 7540యూ అని మూడు కనిపిస్తాయి. ఒకదాని పక్కన ఒకటి పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి, లోపల మాత్రం మూడు వేర్వేరు తరాలు. మూడో అంకె చూడాలి: 2 అంటే జెన్ 2 (Zen, ఏఎమ్‌డీ తన డిజైన్‌కి పెట్టిన పేరు), 3 అంటే జెన్ 3, 4 అంటే జెన్ 4. కంపెనీయే పెట్టిన పద్ధతి ఇది, కాకపోతే షాపులో ఎవడూ చెప్పడు. 7520యూలో 4 కోర్లుంటాయి, ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది. 8 జీబీది కొంటే ఎప్పటికీ 8 జీబీయే. అదే పాత నంబర్‌లా కనిపించే 5500యూలో 6 కోర్లు, 12 థ్రెడ్‌లు. ఈ ఆటలకు నన్నడిగితే రెండోదే మేలు.

ఇంటెల్ సెలెరాన్ ఎన్4020 లాంటివి అసలు వద్దు, రెండు కోర్లు, రెండు థ్రెడ్‌లు, ఫైల్స్ తెరుచుకోవడమే గగనం. వీటితో వచ్చే 64 జీబీ 'స్టోరేజ్' చాలాసార్లు ఎస్‌ఎస్‌డీ కాదు, దానికంటే నెమ్మదైన చవక రకం, ఈఎమ్‌ఎమ్‌సీ. ఆట సేవ్ చేసిన ప్రతిసారీ ఆ తేడా తెలుస్తుంది, సీజన్లు గడిచేకొద్దీ సేవ్ ఫైల్ పెరుగుతుంది కాబట్టి ఇంకా ఎక్కువ తెలుస్తుంది. 4 జీబీ ర్యామ్ చాలని ఎవరైనా వాదిస్తే, విండోస్ 11కే కనీసం 4 జీబీ కావాలని గుర్తుచేయండి. 'ఎస్ మోడ్' అని ఉంటే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోవి తప్ప ఇంకేవీ ఎక్కవు, పీసీ ఆటలు కొనే స్టీమ్ యాప్ కూడా ఎక్కదు. ఇది మాత్రం చిన్న చిక్కే, ఉచితంగా బయటికి రావచ్చు. క్రోమ్‌బుక్‌లో విండోసే ఉండదు, దాని గురించి ఆలోచన కూడా వద్దు.

చేతిలో పట్టుకుని ఆడే మెషిన్ల గురించి చాలామంది అడుగుతున్నారు. స్టీమ్ డెక్‌లో 4 కోర్లు, 8 థ్రెడ్‌లు, 16 జీబీ ర్యామ్ ఉన్నాయి కాబట్టి లెక్కలు బాగానే వేస్తుంది. సమస్య కళ్లకి. మొదటి మోడల్ స్క్రీన్ 7 అంగుళాలు. ఆటగాడి పాసింగ్ ఎంత, స్టామినా ఎంత అని పట్టికలు చదువుకునే ఆట ఇది, ఆ చిన్న అక్షరాలతో గంట గడిపితే తలనొప్పి ఖాయం. సెకండ్ హ్యాండ్‌లో కొంటే ఇంకో మెలిక ఉంది. 2022లో వచ్చిన అన్నిటికంటే చవక మోడల్‌లో ఉన్నది 64 జీబీ ఈఎమ్‌ఎమ్‌సీ. 'స్టీమ్ డెక్' అని మాత్రమే రాసినవాణ్ని ఏ మోడలో అడగండి. ఆండ్రాయిడ్ హ్యాండ్‌హెల్డ్‌లు చూపించి 'ఫుట్‌బాల్ మేనేజర్ నడుస్తుంది' అనేవాళ్లూ ఉన్నారు. నడిచేది మొబైల్ ఎడిషన్, అది వేరే ఆట. పీసీలో ఆడుతున్న కెరీర్ దాంట్లోకి రాదు.

ల్యాప్‌టాప్ చేతికి రాగానే, స్టిక్కర్లు పీకకముందే, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ తెరవండి. ప్రాసెసర్ పూర్తి పేరు, కోర్లు, లాజికల్ ప్రాసెసర్లు (అంటే థ్రెడ్‌లు) అక్కడే ఉంటాయి. 4 కోర్లు, 8 థ్రెడ్‌లకు తక్కువైతే వెనక్కి పంపేయండి. మెమరీ పేజీలో ఎన్ని స్లాట్లు వాడుతోందో చూడండి. రెండిట్లో ఒకటే వాడుతుంటే మంచిదే, రేపు ఇంకో ర్యామ్ వేసుకోవచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీతో (powercfg /batteryreport) బ్యాటరీ రిపోర్ట్ తీస్తే డిజైన్ కెపాసిటీ (కొత్తగా ఉన్నప్పటి సామర్థ్యం), ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు మిగిలింది) రెండూ కనపడతాయి. నాకొచ్చినదాంట్లో రెండో అంకె మొదటిదాంట్లో సగం కూడా లేదు.

ఆ తర్వాత ఆట ఎక్కించి, ఛార్జర్ పెట్టి, మీరు మామూలుగా ఆడే అన్ని లీగ్‌లతో ఒక శనివారం దాకా నడిపించండి. స్టీమ్‌లో కొత్తగా కొన్న ఆటైతే 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలు దాటకపోతే దాని డబ్బు కూడా వెనక్కి వస్తుంది. మెషిన్ రిటర్న్ గడువు ముగిసేదాకా పెట్టె, థర్మోకోల్ పారేయకండి, విప్పేటప్పుడు వీడియో తీసుకోండి.

డబ్బు కట్టేముందే బిల్లులో 'ఐ7' అని కాకుండా ప్రాసెసర్ పూర్తి నంబర్ రాసివ్వమని అడగండి. 'అవన్నీ సిస్టమ్‌లో రావు సార్' అన్నాడా, ఇంకో సెల్లర్‌ని చూసుకోండి.