బ్యారెల్ చివర 150 గ్రాములు: మూడేళ్లు వాడాక

పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌కి బ్యారెల్ మూతి దగ్గర అదనపు బరువు వేస్తే నిజంగా తేడా ఉంటుందా అని మా రేంజ్‌లో కొత్తగా చేరినవాళ్లు అడుగుతుంటారు. ఉంటుంది. నా విషయంలో చాలా ఉంది. అంతకుముందు రెండేళ్లు ముందు సైట్ రింగులో టార్గెట్ మీది నల్ల చుక్క ఒక్క క్షణం నిలిచేది కాదు, ఊపిరి బిగబట్టి ఎంత ఆగినా అటూ ఇటూ వణుకుతూనే ఉండేది, ఇక ఈ ఆట నాకు రాదేమో అనుకుని ఇంటికొచ్చి ఏడ్చిన రోజులున్నాయి. బ్యారెల్ చివర 50 గ్రాముల బరువు రింగులు మూడు వేసుకున్న మొదటి సాయంత్రమే ఆ వణుకు నెమ్మదించింది. పూర్తిగా పోలేదు, కదలిక మందగించింది, అంతే. కానీ ట్రిగ్గర్ నొక్కడానికి అంత చాలు. పెల్లెట్ బ్యారెల్ దాటేదాకా మూతి కదలకుండా ఉండడం, అంటే మా కోచ్ రోజూ చెప్పే ఫాలో త్రూ ఏమిటో, నాకు చేతికి తెలిసింది ఆ రోజే.

ఆ ఊపులో కనపడిన ప్రతివాళ్లకీ 150 వేసుకోమని చెప్పాను. ఇప్పుడు అలా చెప్పను.

ఎందుకంటే మ్యాచ్ 60 షాట్లు, పదేసి షాట్ల సిరీస్‌లు ఆరు. 2018 ముందు ఆడవాళ్లకి 40 షాట్లే ఉండేవి, ఆ లెక్కన అయితే 150 గ్రాములు నాకు సరిగ్గా సరిపోయేవి. మొదటి నాలుగు సిరీస్‌లు బ్రహ్మాండంగా వెళ్తాయి. అయిదో సిరీస్‌లో ఎడమ భుజం అలసిపోవడం మొదలుపెడుతుంది. అంతదాకా మోచేయి తుంటి ఎముక మీద ఆని, బరువంతా ఎముకల మీద నుంచే కాళ్లకి దిగుతుంది, చేతి కండకి పని ఉండదు. అలసట వచ్చాక మూతి కిందికి లాగుతుంటే తెలియకుండానే కండతో ఆపడం మొదలవుతుంది. నిండు బిందె చంకన పెట్టుకుంటే అర మైలు నడవొచ్చు, అదే బిందె చేయి చాపి పట్టుకుంటే పది అడుగులు కష్టం కదా. ఇదీ అంతే. గ్రాములు ఎన్ని అన్నదానికంటే అవి ఒంటికి ఎంత దూరంలో ఉన్నాయన్నదే ముఖ్యం. ఇది అర్థం కావడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

ఇక ఆ మ్యాచ్ సంగతి. పోయినేడాది ఇక్కడే బెంగళూరులో. మొదటి మూడు సిరీస్‌లు 102.1, 101.8, 102.4, నా స్థాయికి చాలా మంచి రోజు. నాలుగో దాంట్లో ఉన్నట్టుండి 9.4, తర్వాత 9.1, రెండూ కిందకే. ఊపిరి తప్పుతోందనుకుని రైఫిల్ దించి, నీళ్లు తాగి, మళ్లీ ఎత్తాను. మళ్లీ కిందే. అప్పుడు చేయకూడని పని చేశాను, వెనక సైట్ రెండు క్లిక్కులు పైకి తిప్పాను. ఒక 10.3 పడింది, ప్రాణం లేచొచ్చింది, ఆ వెంటనే 9.0. మధ్యలో ఉన్న పది చుక్క వెడల్పు అర మిల్లీమీటరు, అంత సన్నటి చోట ఏ షాట్ ఎందుకు తప్పిందో అర్థం కాకపోతే పట్టే టెన్షన్ మాటల్లో చెప్పలేను. సిరీస్ 97.9తో ముగిసింది. రైఫిల్ స్టాండ్ మీద పెడుతుంటే చేయి తగిలి చివరి రింగు గుండ్రంగా తిరిగింది. దాని చిన్న స్క్రూ వదులైపోయి, రింగు రెండు సెంటీమీటర్లు ముందుకి జారి ఉంది. ఎత్తినప్పుడల్లా ఆడుతోందన్నమాట. నేను చెవుల్లో ఇయర్ ప్లగ్స్ పెట్టుకుంటాను, వినపడలేదు. పక్క లేన్‌లో షూట్ చేసిన కర్నూలు అబ్బాయి తర్వాత చెప్పాడు, "అక్కా, మీరు ఎత్తినప్పుడల్లా టక్ మని వినిపించింది, మ్యాచ్ మధ్యలో ఎట్లా చెప్పాలో తెలీలా" అని. రింగు బిగించాక సైట్ క్లిక్కులు వెనక్కి తిప్పడం మర్చిపోయి ఇంకో మూడు షాట్లు పైకి పోగొట్టుకున్నాను. 75 నిమిషాల్లో చివరి షాట్‌కి నిమిషం కూడా మిగల్లేదు.

అది బయటినుంచి తెప్పించుకున్న ఖరీదైన రింగు. పేరు చెప్పను, కానీ అంత డబ్బు తీసుకుని ఒక్క స్క్రూ మొన మీద బరువంతా నిలబెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తర్వాత పీణ్యాలో ఒక లేత్ షాపుకి వెళ్లి, బ్యారెల్ ట్యూబ్ కొలత ఇచ్చి, ఇత్తడితో రెండు రింగులు చేయించాను. ఒకవైపు చీల్చి, అడ్డంగా బోల్టుతో చుట్టూ బిగుసుకునే రకం. మెరుపు లేదు, అంచులు నేనే సాండ్ పేపర్‌తో రుద్దుకున్నాను. పదకొండు నెలలైంది, వెంట్రుకవాసి కదల్లేదు. రింగుకీ ట్యూబ్‌కీ కలిపి గోళ్ల రంగుతో సన్నటి గీత పెట్టాను, జారితే గీత విడిపోయి కనపడుతుంది. ఎత్తేముందు ఒకసారి అటు చూడడం అలవాటైపోయింది.

ఇప్పుడు నేను వాడుతున్నది 100 గ్రాములే, అదీ మూతి చివర కాదు, నాలుగు వేళ్లు వెనక్కి. హోల్డ్, అంటే గురి మీద రైఫిల్ నిలపడం, మునుపటంత నిలకడగా ఉందా అంటే, లేదు, కొంచెం తక్కువే. కానీ ఆరో సిరీస్ మొదటి సిరీస్‌లాగే వస్తోంది. రైఫిల్ అన్నీ కలిపి 4.6 కిలోలు, 5.5 పరిమితికి చాలా దూరం, కాబట్టి తూకం దగ్గర నాకు భయం లేదు.

నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, వయసు 37, పగలంతా వైట్‌ఫీల్డ్‌లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం, వారానికి మూడు సాయంత్రాలే ప్రాక్టీసు. రోజూ వ్యాయామం చేసే ఇరవై ఏళ్ల పిల్లలకి 150 ఏమంత బరువు కాకపోవచ్చు, పొడుగు చేతులవాళ్లకి లెక్క ఇంకోలా ఉండొచ్చు. కొనే ముందు ఎవరిదైనా రింగు అడిగి తీసుకుని, డ్రై ఫైర్ (పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కడం) అయినా సరే 60 షాట్లూ పూర్తిగా చేసి చూడండి. పది షాట్లకి అందరికీ నచ్చుతుంది.